దుకాణం అమరిక – కొనేవారి మనసు



ప్రయోగశాల అనగానే మనకు పరీక్షనాళికలు, సూక్ష్మదర్శిని, ఆమ్లాలు, క్షారాలు గుర్తుకు వస్తాయి. ఈ రోజు మనం వెళ్లబోయే ప్రయోగశాలలో అవేవీ ఉండవు. అక్కడ నేల మీద తెల్లటి పరుపు ఉంటుంది. పరుపు మీద గుట్టలుగా చీరలు ఉంటాయి. పైన ప్రకాశవంతమైన దీపాలు, ఒక మూల గల్లాపెట్టె ఉంటాయి. అక్కడ పరిశీలనకు లోనయ్యేది ఏ కప్పో, బొద్దింకో కాదు. మనమే. మన కన్ను, మన చెయ్యి, మన మొహమాటం.

ఆ ప్రయోగశాల పేరు చీరల దుకాణం. మనం దానిని చూడటానికి గుజరాత్‌లోని సూరత్ నగరానికి వెళ్దాం.

సూరతే ఎందుకు?

తపతి నది ఒడ్డున ఉన్న సూరత్, పాలియెస్టర్ వంటి కృత్రిమ పోగులతో నేసే బట్టకు మన దేశంలో అతి పెద్ద కేంద్రం. మన ఊళ్లలో ‘సూరత్ చీర’ అని పిలిచే చీరలన్నీ అక్కడి నుంచి వచ్చినవే. నగరంలోని రింగ్ రోడ్డు మీద అంతస్తుల మీద అంతస్తులుగా బట్టల మార్కెట్లు ఉన్నాయి. హైదరాబాద్, విజయవాడ వర్తకులకు ఆ రోడ్డు కొట్టినపిండి.

ఆ నగరంతో మనకు ఇంకొక బంధం కూడా ఉంది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి ఎన్నో పద్మశాలి కుటుంబాలు మరమగ్గాల పనికి సూరత్ వెళ్లి స్థిరపడ్డాయి. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు మాటలు వినిపిస్తాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది. చాలా ఇళ్లలో ఆడవాళ్లు చీరలకు దారపు కొసలు కత్తిరించడం, అంచులు కుట్టడం, రాళ్లు అతికించడం వంటి పనులు ఇంటి దగ్గరే చేస్తారు.

కొన్నేళ్ల క్రితం అక్కడి తెలుగు పిల్లలతో మాట్లాడే అవకాశం నాకు కలిగింది. రంగులు, కాంతి గురించి పాఠం చెప్పి, ‘ప్రశ్నలు అడగండి’ అన్నాను. వెనక వరుసలో ఒక అమ్మాయి లేచింది.

‘‘మేడం, మా అమ్మ ఇంట్ల కూసొని చీరెలకు రాళ్లు అతికిస్తది. ఏ చీరెకు ఎంత ఖర్చయితదో ఆమెకు ఎరుకే. గని దుకాణంల కూసుంటే మాత్రం అవసరం లేని చీరె గూడ తీసుకొని వస్తది. ఇంటికొచ్చినంక బాధపడ్తది. అన్నీ తెల్సి గూడ ఎందుకట్ల?’’

ఆ రోజు నేను ఏదో సమాధానం చెప్పాను కాని, అది నాకే తృప్తినివ్వలేదు. ‘తెలిసి కూడా ఎందుకు?’ అన్నది చాలా లోతైన ప్రశ్న. ఈ ప్రసంగం ఆ ప్రశ్నకు నేను ఆలస్యంగా చెబుతున్న జవాబు అనుకోండి.

కన్ను మోసపోతుందా?

మొదట కంటితో ప్రారంభిద్దాం. చీరల దుకాణంలో పరుపు మీద పరిచే గుడ్డ సాధారణంగా తెలుపే. శుభ్రంగా కనబడటం ఒక కారణం. రెండవ కారణం శాస్త్రానికి సంబంధించినది.

19వ శతాబ్దంలో పారిస్ నగరంలోని గోబెలిన్ నేతశాలలో మిషెల్ యూజీన్ షెవ్రూల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అద్దకం విభాగానికి అధిపతిగా ఉండేవాడు. నల్ల నూలు తగినంత నల్లగా రావడం లేదని నేతగాళ్లు ఫిర్యాదు చేశారు. ఆయన రంగును పరీక్షించాడు. రంగులో లోపం లేదు. ఆ నల్లని పోగు పక్కన వేసిన ఇతర రంగుల పోగుల వల్ల అది వెలసినట్లు కనబడుతోంది. ఒక రంగు ఎలా కనబడుతుందన్నది దాని పక్కన ఏ రంగు ఉన్నదన్న విషయం మీద కూడా ఆధారపడుతుందని ఆయన 1839లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. అదే చీర చిలకపచ్చ గోడ ముందు ఒకలాగా, తెల్లని పరుపు మీద ఇంకొకలాగా కనబడటానికి కారణం ఇదే. తెల్లని నేపథ్యం మీద రంగు నిండుగా, స్పష్టంగా కనబడుతుంది. మన అలమారులో మరో పాతిక చీరల మధ్య అది అలా కనబడదు.

ఇక దీపాల సంగతి. వస్తువు రంగు మూడింటి మీద ఆధారపడి ఉంటుంది. పడే కాంతిలో ఏయే తరంగదైర్ఘ్యాలు ఉన్నాయి? వాటిలో ఆ వస్తువు వేటిని వెనక్కి పంపుతుంది? మన కంటిలోని మూడు రకాల శంకు కణాలు వాటిని ఎలా గ్రహిస్తాయి? కాంతి మారితే రంగు మారుతుంది. మీ ఇంట్లో చీరకు తగిన జాకెట్టు గుడ్డ కోసం మ్యాచింగ్ సెంటరుకు వెళ్లి ఉంటారు. కొట్లో ట్యూబులైటు కింద అచ్చంగా కలిసిపోయిన గుడ్డ, వీధిలోకి రాగానే తేడాగా కనబడిన అనుభవం చాలామందికి ఉంటుంది. వేర్వేరు రసాయనాలతో అద్దిన రెండు గుడ్డలు ఒక దీపం కింద ఒకేలా, మరో కాంతిలో వేరుగా కనబడవచ్చు. ఈ ధర్మాన్ని మెటమెరిజం అంటారు. మన అమ్మమ్మలకు ఈ పేరు తెలియదు. కాని ‘ఒకసారి వెలుతురులోకి తీసుకురా నాయనా’ అని చీరను గుమ్మం దాకా తెప్పించేవారు. అది చక్కని శాస్త్రీయ పరీక్ష.

జరీ మీద చిన్న చిన్న బల్బుల వెలుగు పడితే తళుక్కుమంటుంది. మబ్బు పట్టిన పగటి వెలుతురులో అంత తళుకు ఉండదు. కాబట్టి దుకాణంలో జరీ చీరల పైన ఏ రకం దీపాలు పెట్టారో ఈసారి తల ఎత్తి చూడండి.

చెయ్యి, అద్దం, మొహమాటం

కన్ను తరవాత చెయ్యి. చీరను అమ్మే ఆయన ఏం చేస్తాడు? మడత విప్పి ఒక్క విసురుతో పరుపు మీద పరుస్తాడు. కొంగు మన చేతికి అందిస్తాడు. ‘భుజం మీద వేసుకొని చూడండమ్మా’ అని అద్దం ముందుకు పంపుతాడు. అద్దంలో కనబడే చీర ఇక కొట్టులోని చీర కాదు. మన చీర.

దీనికి ప్రయోగాల ఆధారం ఉంది. 1990లో డేనియల్ కానమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు అందని వారిని ఎంతకు కొంటారని అడిగారు. కప్పు చేతిలో ఉన్నవారు కోరిన ధర, కొనేవారు ఇస్తామన్న ధరకు సుమారు రెట్టింపు ఉంది. అదే కప్పు, అదే తరగతి. ‘ఇది నాది’ అన్న భావన ఒక్కటే తేడా. కేవలం తాకడం వల్ల కూడా వస్తువు మనదన్న భావన కొంత పెరుగుతుందని 2009లో జోవాన్ పెక్, సుజాన్ షు ప్రచురించిన పరిశోధన తెలిపింది.

ఇక మొహమాటం. తెలుగువారికి ఈ మాట అర్థం చెప్పనక్కరలేదు. కూర్చోగానే టీ వస్తుంది, లేదా చల్లని పానీయం వస్తుంది. ముప్ఫై, నలభై చీరలు విప్పి చూపిస్తారు. అప్పుడు మన మనసు ఏమంటుంది? ‘ఇన్ని తీయించాం. ఏమీ కొనకుండా ఎలా లేస్తాం?’ ఎదుటివారు మనకు ఏదైనా ఇస్తే తిరిగి ఇవ్వాలన్న ఒత్తిడి మనలో కలుగుతుంది. దీనిని పరస్పరత అంటారు. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్దీని 1984లో ప్రచురించిన గ్రంథంలో, మనుషులను ఒప్పించే సూత్రాలలో దీనిని ఒకటిగా వివరించాడు. అయితే మన కూరగాయల అమ్మకు ఆ పుస్తకంతో పని లేదు. తూకం అయ్యాక గుప్పెడు పచ్చిమిరపకాయలు, రెండు కరివేపాకు రెబ్బలు కొసరు వేస్తుంది. మర్నాడు మన కాళ్లు వాటంతట అవే ఆమె గంప దగ్గరికి వెళతాయి.

కొసరులో తప్పు లేదు. అది మనుషుల మధ్య మంచితనాన్ని పెంచుతుంది. అయితే పది రూపాయల టీకి బదులుగా మూడు వేల రూపాయల చీర కొంటున్నామా అన్నది మాత్రం లెక్క చూసుకోవలసిన విషయం.

అదే పరుపు మీద విజయవాడ వస్త్రలత నుంచి వచ్చిన ఒక టోకు వర్తకుణ్ణి కూర్చోబెట్టండి. ఆయన కూడా టీ తాగుతాడు. ఆయన ముందు కూడా చీరలు పరుచుకుంటాయి. అయినా ఆయన మనలాగా కరగడు. ఎందుకు? ఆయన జేబులో చీటీ ఉంది. ఏ రకం, ఎన్ని సెట్లు, ఎంత ధర వరకు అన్నది ముందే రాసుకున్నాడు. టోకులో ఒక డిజైనుకు కొన్ని రంగులు కలిపి సెట్టుగా తీసుకోవాలి. కాబట్టి ‘నాకు ఏది నచ్చింది?’ అని కాక, ‘ఇందులో ఏ రంగు అమ్ముడుపోక మిగులుతుంది?’ అని ఆలోచిస్తాడు. ఆయనకు మనకంటే తెలివి ఎక్కువ ఉండనక్కరలేదు. ఆయన అడిగే ప్రశ్న వేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చివరలో దీనితో మనకు పని ఉంది.

గల్లాపెట్టె దాటి లోపలికి

పూర్వం పచారీ కొట్టులో మనం బయట నిలబడి అడిగితే, కొట్టు యజమాని లోపలి నుంచి సరుకు తీసి కట్టి ఇచ్చేవాడు. కొనేవాడిని నేరుగా సరుకుల మధ్యకు పంపే పద్ధతిని అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ 1916లో ‘పిగ్లీ విగ్లీ’ అనే దుకాణంలో ప్రవేశపెట్టాడు. లోపలికి వెళ్లే దారి ఒకటి, బయటికి వచ్చే దారి ఒకటి. మధ్యలో అన్ని అరల వరసలనూ చుట్టి రావలసిందే. ఈ అమరికకు ఆయన 1917లో పేటెంటు కూడా పొందాడు. దుకాణంలోని దారి కూడా కొనిపిస్తుందని గుర్తించిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి.

చేతిసంచి నిండితే కొనడం ఆగిపోతుంది. ఓక్లహోమా నగరంలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే దుకాణదారు 1937లో చక్రాల బండిని తీసుకువచ్చాడు. మొదట్లో జనం దాన్ని ముట్టలేదు. అప్పుడాయన కొందరికి జీతమిచ్చి, కొనేవారిలాగా బండి తోసుకుంటూ తిరగమన్నాడు. వారిని చూసి మిగతావారూ బండి అందుకున్నారు. నలుగురు చేసే పని మనమూ చేస్తాం. మనుషుల్లోని ఈ స్వభావం ఆ బండికి నిజమైన చక్రం.

మన దేశానికి వద్దాం. కిషోర్ బియానీ స్థాపించిన బిగ్ బజార్ 2001లో కోల్‌కతా, హైదరాబాద్, బెంగళూరు నగరాలలో తెరుచుకుంది. పాశ్చాత్య దేశాల దుకాణాలలో కనబడే విశాలమైన, నిశ్శబ్దమైన నడవాలు మన సామాన్య కుటుంబాలను బెదరగొడతాయని ఆ సంస్థ భావించింది. కాబట్టి కొంత రద్దీ, కొంత గోల ఉండేట్లు, సంతను గుర్తు చేసేట్లు కావాలనే అమర్చింది. మరి అంత బాగా మనసును చదివిన సంస్థ ఏమయింది? అప్పుల భారంతో 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కొనేవారి మనసును చదవడం ఒక విద్య. సొంత లెక్కలు చూసుకోవడం మరో విద్య.

సూపర్ మార్కెట్లో మీరు గమనించవలసినవి ఇవి. ఎక్కువ లాభం ఇచ్చే సరుకు సాధారణంగా మన కంటి ఎత్తులో ఉంటుంది. చవక రకం మోకాళ్ల దగ్గర ఉంటుంది. చాక్లెట్లు చిన్నపిల్లల కంటి ఎత్తులో, డబ్బు కట్టే వరుస పక్కన ఉంటాయి. పాలు, బియ్యం వంటి నిత్యావసరాలు తరచు లోపలి కొసన ఉంటాయి. పాల విషయంలో మరో కారణం కూడా ఉంది. శీతల గది వెనక ఉంటుంది కాబట్టి సరుకు దించడానికి అక్కడ వీలు. ప్రతి అమరిక వెనకా పన్నాగమే ఉందనుకోవడం కూడా శాస్త్రీయం కాదు.

చెవి సంగతి

1982లో రొనాల్డ్ మిలిమన్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఒక సూపర్ మార్కెట్లో కొన్ని రోజులు నెమ్మదైన సంగీతం, కొన్ని రోజులు వేగమైన సంగీతం వినిపించి చూశాడు. నెమ్మదైన సంగీతం ఉన్న రోజుల్లో జనం నెమ్మదిగా నడిచారు. అమ్మకాలు సుమారు 38 శాతం ఎక్కువగా ఉన్నాయి.

1997లో ఏడ్రియన్ నార్త్, ఆయన సహచరులు బ్రిటన్‌లోని ఒక సూపర్ మార్కెట్లో ఇంకా విచిత్రమైన ప్రయోగం చేశారు. ఒకే అరలో ఫ్రెంచి ద్రాక్షసారా, జర్మన్ ద్రాక్షసారా పక్కపక్కన పెట్టారు. ఒకరోజు ఫ్రెంచి సంగీతం, మరొకరోజు జర్మన్ సంగీతం వినిపించారు. ఫ్రెంచి సంగీతం వినిపించిన రోజుల్లో ఫ్రెంచి సీసాలు 40, జర్మన్ సీసాలు 8 అమ్ముడుపోయాయి. జర్మన్ సంగీతం వినిపించినప్పుడు జర్మన్ సీసాలు 22, ఫ్రెంచి సీసాలు 12. కొన్నవారిని ‘సంగీతం మీ ఎంపికను ప్రభావితం చేసిందా?’ అని అడిగితే, జవాబు చెప్పిన 44 మందిలో అవునన్నవారు ఆరుగురే.

విద్యార్థులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. లింబాయత్ అమ్మాయి ప్రశ్నకు మొదటి సగం జవాబు ఇక్కడే ఉంది. ప్రభావం పడుతున్నప్పుడు అది పడుతోందని మనకు తెలియదు. చీర తయారీకి ఎంత ఖర్చయిందో ఆ తల్లికి తెలుసు. కాని ఆ క్షణాన తన మనసును ఏది కదిలిస్తోందో ఆమెకు తెలియదు. ఈ రెండూ వేర్వేరు జ్ఞానాలు.

ధర చీటీలోని గారడీ

1974లో ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానమన్ ఒక ప్రయోగాన్ని వివరించారు. అంకెల చక్రం తిప్పారు. అది 10 దగ్గర గాని, 65 దగ్గర గాని ఆగేట్లు ముందే అమర్చారు. తరవాత ‘ఐక్యరాజ్య సమితి సభ్యదేశాలలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం?’ అని అడిగారు. 10 చూసినవారి అంచనా 25 దగ్గర, 65 చూసినవారి అంచనా 45 దగ్గర ఉంది. చక్రానికీ ఆఫ్రికాకూ ఏ సంబంధమూ లేదు. అయినా మొదట చూసిన అంకె మనసుకు లంగరులాగా పట్టుకుంది. కానమన్‌కు 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ పురస్కారం లభించింది.

ఇప్పుడు ఆషాఢం తగ్గింపు అమ్మకాలను తలచుకోండి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. బట్టల కొట్లకు గిరాకీ తగ్గుతుంది. పాత సరుకు వదిలించుకోవాలి, కొత్త సరుకుకు చోటు చేయాలి. తగ్గింపు ఇవ్వడానికి ఇది నిజమైన కారణమే. కాని చీటీ మీద 4,000 కొట్టివేసి 1,999 అని రాసినప్పుడు మన మనసు ఏం చేస్తుంది? ‘ఈ చీర విలువ 1,999 ఉంటుందా?’ అని అడగదు. ‘రెండు వేలు మిగిలాయి’ అని సంతోషిస్తుంది. ఆ 4,000 అన్నది మన అంకెల చక్రం. పాత బజార్లలో ‘చెప్పినదానిలో సగానికి అడుగు’ అని పెద్దవాళ్లు నేర్పింది ఆ లంగరును తెంచడానికే. స్థిరమైన ధరల కొట్టులో బేరం లేదు కాబట్టి ఆ పని మనసులోనే చేసుకోవాలి.

కొంచెం గణితం చేద్దాం. బోర్డు మీద ‘50 శాతం + 20 శాతం తగ్గింపు’ అని ఉంటుంది. మొత్తం 70 శాతమా? కాదు. 1,000 రూపాయల చీర మీద 50 శాతం పోతే 500. ఆ 500 మీద 20 శాతం పోతే 400. తగ్గింది 60 శాతం. ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ అంటే 33 శాతం చిల్లర తగ్గింపు, అదీ మూడూ మనకు అవసరమైతేనే. 200 గ్రాముల ప్యాకెట్ 90 రూపాయలు, 500 గ్రాముల ప్యాకెట్ 240 రూపాయలు అనుకోండి. పెద్ద ప్యాకెట్ చవక అనిపిస్తుంది. 100 గ్రాములకు లెక్క కట్టండి. మొదటిది 45, రెండవది 48. పెద్దదే ఖరీదు. ప్యాకెట్ సరుకుల నిబంధనలకు 2021లో చేసిన సవరణ, ఎమ్మార్పీతో పాటు గ్రాముకో, కిలోకో ఎంత అన్న యూనిట్ ధరను కూడా ముద్రించాలని చెప్పింది. ప్యాకెట్ తిప్పి ఆ చిన్న అక్షరాలను చదవండి.

ప్రతి ప్రయోగాన్నీ నమ్మాలా?

సైన్సు చెప్పేదాన్ని కాబట్టి ఒక హెచ్చరిక చేయడం నా ధర్మం. 2000లో షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ ప్రచురించిన జామ్ ప్రయోగం చాలా ప్రసిద్ధి చెందింది. రుచి చూడటానికి 24 రకాల జామ్ పెట్టినప్పుడు ఎక్కువమంది ఆగారు కాని, వారిలో 3 శాతమే కొన్నారు. 6 రకాలు పెట్టినప్పుడు ఆగినవారిలో 30 శాతం కొన్నారు. ‘రకాలు ఎక్కువైతే మనసు తడబడుతుంది’ అని ప్రపంచమంతా చెప్పుకున్నారు. 2010లో మరికొందరు పరిశోధకులు ఇలాంటి ప్రయోగాలను ఎన్నింటినో కలిపి చూశారు. సగటున ఆ ప్రభావం దాదాపు సున్నాకు దగ్గరగా తేలింది. కొన్ని పరిస్థితుల్లో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. మన ఆడవాళ్లు వంద చీరలు చూసి కూడా చక్కగా ఒకటి ఎంచుకోవడం మనం ఎరుగుదుం కదా!

కాబట్టి ఒక ప్రయోగం ఒకచోట, ఒక కాలంలో, కొందరి మీద జరిగిందని మరిచిపోకండి. మిలిమన్ చెప్పిన 38 శాతం ఆ ఒక్క దుకాణానిది. మీ వీధిలోని కొట్టుకు అది యథాతథంగా వర్తించదు.

అరచేతిలో దుకాణం

ఇప్పుడు దుకాణం ఫోనులోకి వచ్చింది. ఇక్కడ పరుపు లేదు, టీ లేదు. వాటికి బదులు ‘ఇంకా రెండే మిగిలాయి’, ‘పది నిమిషాల్లో ధర పెరుగుతుంది’ అనే హెచ్చరికలు ఉన్నాయి. మనం ఎంచుకోని వస్తువు బుట్టలో తనంతట తాను చేరుతుంది. చేరడం ఒక్క నొక్కుతో, మానుకోవడం పది నొక్కులతో జరుగుతుంది. ఇలాంటి మోసపు అమరికలను డార్క్ పాటర్న్స్ అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో వీటిలో 13 రకాలను పేర్కొని, వాటిని వాడరాదని మార్గదర్శకాలు ఇచ్చింది. మీకు ఇబ్బంది కలిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఫోను సంఖ్య 1915.

ఆకర్షణకు, మోసానికి గీత ఎక్కడ? నేను పెట్టుకున్న కొలబద్ద ఇది. దుకాణదారు తాను చేసిన అమరికను మన ముఖం మీదే చెప్పగలిగితే అది ఆకర్షణ. ‘జరీ బాగా మెరవాలని ఈ దీపం పెట్టానమ్మా’ అని ఆయన చెప్పగలడు. ‘రెండే మిగిలాయని అబద్ధం రాశాను’ అని చెప్పలేడు.

మరి ఏం చేయాలి?

ఆ అమ్మాయి ప్రశ్నకు రెండో సగం జవాబు చెబుతాను. తెలుసుకోవడం అవసరమే కాని, అది ఒక్కటే చాలదు. ఇందుకు నేనే సాక్ష్యం. ఈ పాఠం ఇన్నేళ్లుగా చెబుతున్న నేను ఒకసారి కుక్కరు గాస్కెట్ కోసం ఒక పెద్ద కొట్టుకు వెళ్లాను. డిన్నర్ సెట్టు, దుప్పట్లు, ఒక గోడ గడియారం మోసుకొని ఇంటికి వచ్చాను. గాస్కెట్ తేవడం మరిచిపోయాను. ఆ రాత్రి పప్పు గిన్నెలో ఉడికింది.

అందుకే దుకాణం తన అమరిక తాను చేసుకున్నట్లే, మన అమరిక మనం చేసుకోవాలి. టోకు వర్తకుడు చేసేది అదే. ఒకటి, ఇంట్లోనే చీటీ రాసుకోండి. వస్తువు పక్కన గరిష్ఠ ధర కూడా రాయండి. అప్పుడు లంగరు మీది అవుతుంది. రెండు, రంగును పగటి వెలుతురులో చూడండి. మూడు, చీటీలో లేని ఖరీదైన వస్తువు నచ్చితే ఒక రాత్రి ఆగండి. మర్నాడూ కావాలనిపిస్తే వెళ్లి కొనండి. నాలుగు, టీ తాగండి, ధన్యవాదాలు చెప్పండి, అవసరం లేకపోతే లేచి రండి. ‘మళ్లీ వస్తాం’ అన్న తెలుగు మాట ఇరువైపులా మర్యాద నిలుపుతుంది.

మీకొక ప్రయోగం. తరగతిలో సగంమందికి ‘ఈ పెన్ను ధర 20 కంటే ఎక్కువా, తక్కువా? మీ అంచనా ఎంత?’ అని రాసిన చీటీ ఇవ్వండి. మిగతా సగానికి 20 బదులు 200 అని రాసి ఇవ్వండి. ఎవరికి ఏ చీటీ అన్నది లాటరీ వేసి నిర్ణయించండి. ఒకరి చీటీ మరొకరు చూడకూడదు. రెండు వర్గాల అంచనాల మధ్యగతం లెక్కించండి. తేడా రాకపోతే దాన్ని కూడా నిజాయితీగా రాయండి. రాని ఫలితం కూడా ఫలితమే.

కౌంటరుకు అవతలివైపు

ముగించే ముందు ఒక్క మాట. ఇంతసేపూ మనం కొనేవారి వైపు నుంచి మాట్లాడుకున్నాం. మీలో చాలామంది రేపు కౌంటరుకు అవతలి వైపు నిలబడతారు. దుకాణాలు నడుపుతారు, వాటి కోసం బొమ్మలు గీస్తారు, ఫోను తెరలు రూపొందిస్తారు. అప్పుడు ఈ జ్ఞానమంతా మీ చేతిలో ఉంటుంది.

దుకాణం అమరిక అంటే కొనేవారి కోసం చేసే అలంకరణ మాత్రమే కాదు. రోజంతా నిలబడి చీరలు చూపించే అమ్మాయిల కాళ్ల సంగతి ఏమిటి? కొనేవారికి పరుపు, కుర్చీ వేసి, అమ్మేవారికి బల్ల కూడా వేయని దుకాణాలు ఎన్నో ఉన్నాయి. కేరళలో అమ్మకందార్ల పోరాటం ఫలితంగా 2018లో, తమిళనాడులో 2021లో, దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వసతి కల్పించాలని చట్టాన్ని సవరించారు. ఈసారి దుకాణానికి వెళ్లినప్పుడు దీపాలు, అరలు, ధర చీటీలతో పాటు ఇది కూడా గమనించండి. అమ్మే మనిషికి కూర్చునే చోటు ఉందా?

సూరత్ అమ్మాయికి ఇప్పుడు నేను చెప్పే జవాబు ఇది. అమ్మా, మీ అమ్మగారిలో తెలివి లోపించలేదు. ఆమె చేతులతో అతికించిన రాయి, ఆ దీపం కింద ఆమె కళ్లకే కొత్తగా మెరిసింది. అది సహజం. ఈసారి నువ్వు కూడా వెంట వెళ్లు. చీటీ నువ్వు పట్టుకో. నచ్చిన చీరను గుమ్మం దాకా తీసుకురమ్మను. ఎండలో కూడా అది ఆమెకు నచ్చితే, చీటీలో దానికి చోటు ఉంటే, సంతోషంగా కొనుక్కోమను. ఊరంతటి చీరలకు మెరుపు అద్దే మనిషికి తనకు నచ్చిన చీర కట్టుకునే హక్కు తప్పకుండా ఉంది.